గెర్రిట్: మొహమాటం లేని కోడ్ రివ్యూ

ఒకరు రాసిన కోడ్‌ని కలిపే ముందు తోటి ప్రోగ్రామర్లు చదివి తప్పొప్పులు చెప్పడమే కోడ్ రివ్యూ, దానికి వాడే టూల్ గెర్రిట్. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌కి రివ్యూలు జరిగేది ఈ టూల్‌లోనే. ఇందులో అభిప్రాయానికి మార్కులుంటాయి, మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా. ప్లస్ 1 అంటే నాకు బాగానే ఉంది గానీ ఓకే చెప్పాల్సింది వేరేవాళ్లు అని. మామూలు సెట్టింగ్స్‌లో మైనస్ 2 పడిందంటే మాత్రం ఇంకెంతమంది ప్లస్ 2 ఇచ్చినా, పెట్టినవాళ్లు తీసేదాకా ఆ మార్పు అసలు కోడ్‌లోకి వెళ్లదు. ఆ ఎర్ర అంకె చూసి మొహం మాడ్చుకోని ప్రోగ్రామర్‌ని నేనింకా చూడలేదు.

నాకు బాగా నచ్చింది ప్యాచ్‌సెట్లు, అంటే ఒకే మార్పుని సరిచేసిన ప్రతిసారీ పంపే కొత్త వెర్షన్లు. విమర్శకి ముందు, తర్వాత కోడ్ ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, దాంతో "అది ఎప్పుడో సరిచేశాను కదా" అనే వాదనకి చోటుండదు. బైనరీ సెర్చ్‌లో (క్రమంలో ఉన్న జాబితాని సగం సగం చేస్తూ వెతకడం) మధ్య స్థానం కోసం low, high అనే రెండు హద్దులు కూడి రెండుతో భాగించే లైనే తీసుకోండి, చూడ్డానికి ఏ తప్పూ కనపడదు, కానీ జావా లైబ్రరీలో ఏళ్ల తరబడి ఉన్న ఆ లైను మరీ పెద్ద అర్రేలకి (జాబితాలకి) ఓవర్‌ఫ్లో అవుతుందని, అంటే కూడిక పట్టే హద్దు దాటిపోతుందని, 2006లో బయటపెట్టారు. అలాంటి లైను మీద కామెంట్ వస్తే చిర్రెత్తుకొస్తుంది, నిజమే. ఇక్కడ కామెంట్ సరిగ్గా ఆ లైను కిందే అతుక్కుని, అన్‌రిజాల్వ్డ్ (ఇంకా తేలలేదు) అని కనపడుతూ ఉంటుంది కాబట్టి జవాబు కోడ్ గురించే చెప్పాల్సి వస్తుంది.

కారణం రాయకుండా మైనస్ 1 కొట్టేసి పోయేవాళ్లని మాత్రం ఇది ఆపదు, కొత్తవాళ్లు బెంబేలెత్తేది అక్కడే. ప్రతి మార్పుకీ ఒక గుర్తింపు తగిలించే చేంజ్ ఐడీ హుక్ అనే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోవడం కూడా మొదట్లో తలనొప్పే. ఇద్దరు ముగ్గురున్న టీమ్‌కి అనవసరం. అల్గారిథమ్ మాటెత్తితే కొట్టుకునే సీనియర్లున్న చోట పెట్టి చూడండి.