అలారం ప్యానెల్‌కి దూరం నుంచి ప్రోగ్రామింగ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

షాపులో పని మానేసిన కుర్రాడి అలారం కోడ్‌ని ఆ సాయంత్రమే తీసేయగలగడం. దొంగల అలారం ప్యానెల్ (సెన్సర్లన్నీ కలిసే పెట్టె) సెట్టింగుల్ని ఆఫీసు కంప్యూటర్ నుంచే మార్చే ఈ సాఫ్ట్‌వేర్ల వల్ల ఏం ఒరిగిందని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. మా విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ వన్‌టౌన్‌లోనూ బట్టల షాపులు, బంగారం కొట్లలో మనుషులు మారుతూనే ఉంటారు. మనిషి వెళ్ళిపోతాడు, అతని నాలుగంకెల కోడ్ మాత్రం ప్యానెల్లో ఉండిపోతుంది. ఇదివరకు అయితే ఓనరు ఫోన్ చేయాలి, మా టెక్నీషియన్‌కి తీరిక దొరకాలి, వెళ్ళి కీప్యాడ్ ముందు నిలబడి ఒక్కో సెట్టింగుకీ ఉండే సెక్షన్ నంబర్లు ఒక్కొక్కటే కొట్టాలి. అసలు ఆ కుర్రాడిది మూడో నంబరా, ఏడో నంబరా అన్నది ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు నా కంప్యూటర్లో ఆ ప్యానెల్ సెట్టింగుల ఫైల్లో ప్రతి నంబరు పక్కనా పేరుంటుంది. ఓనరు ఫోన్ పెట్టేసేలోపు ఆ కోడ్ పోతుంది.

కొత్తవాళ్ళకోసం చెప్తున్నాను. ప్యానెల్ తయారుచేసే చాలా కంపెనీలకి ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. బాష్‌కి ఆర్‌పీఎస్, డీఎస్‌సీకి డీఎల్‌ఎస్, టెక్సెకామ్‌కి విన్‌టెక్స్. ఒకరిది ఇంకొకరి ప్యానెల్‌ని ముట్టుకోదు, కాబట్టి రెండు మూడు బ్రాండ్లు అమ్మేవాళ్ళు రెండు మూడూ నేర్చుకోవాల్సిందే. ఇవన్నీ విండోస్ కంప్యూటర్ మీద నడిచేవే. ఫోన్‌లో ఉండే యాప్ ఓనరు అలారాన్ని ఆర్మ్ (ఆన్), డిసార్మ్ (ఆఫ్) చేసుకోవడానికి. జోన్ (ఒక సెన్సర్ లైను) రకం మార్చాలన్నా, ఎంట్రీ డిలే (తలుపు తీశాక కోడ్ కొట్టడానికిచ్చే టైమ్) పెంచాలన్నా ఈ సాఫ్ట్‌వేర్‌తోనే పని.

వీటిలో నాకు బాగా నచ్చింది, మార్పులు పంపేముందు ప్యానెల్లో ఉన్నదీ ఫైల్లో ఉన్నదీ పోల్చి తేడా చూపించడం. ఎప్పుడో వైరు తెగి బైపాస్‌లో పెట్టేసిన (అంటే పట్టించుకోకుండా ఆపేసిన) జోన్, కీప్యాడ్ దగ్గర ఎవరో మార్చిన డిలే, అన్నీ అక్కడ బయటపడతాయి. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటుంది. ముందు ప్యానెల్ నుంచి దించుకోవాలి, తేడా చదవాలి, ఆ తర్వాతే పంపాలి. పాత ఫైలు తెరిచి నేరుగా పంపేస్తే, ఈ మధ్య సైట్లో చేసిన మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

గడియారం సంగతి కూడా చూడండి. అమెరికా మార్కెట్ కోసం చేసిన కొన్ని ప్యానెళ్ళు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి టైమ్ లెక్కపెడతాయి. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. ఆ ఒక్క ఆప్షన్ మార్చకపోతే గడియారం గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. అప్పుడు “రాత్రి షట్టర్ ఎవరు తీశారండీ?” అని ఓనరు అడిగితే ఈవెంట్ లాగ్ చెప్పే టైమ్‌ని నమ్మలేం. అమెరికాలోలా వేసవిలో గంట ముందుకు జరిపే ఆప్షన్ ఉంటే అదీ ఆపేయాలి.

వీటి అసలు విలువ నాకు 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలో ఉన్నాయి. మా స్క్రీన్ మీద 301 వరసగా పడుతోంది. ప్యానెళ్ళు కబురు పంపే కోడ్ భాష కాంటాక్ట్ ఐడీలో దానర్థం కరెంటు పోయిందని. కాసేపటికి 302లు, అంటే బ్యాటరీ దిగిపోతోందని. ప్యానెల్ పెట్టెలో ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. సెన్సర్లు, కీప్యాడ్లు కలిసి అర ఆంపియర్ లాగితే లెక్క ప్రకారం 14 గంటలు, పాతదైతే అంతకూడా రాదు. కింది అంతస్తులో తడిసిన వైర్లు జోన్లని తప్పుగా లేపుతుంటే, హూటర్ (సైరన్) మోగి మోగి ఉన్న కాస్త చార్జీ తినేస్తుంది. సైటుకి వెళ్ళే దారే లేదు. అందిన ప్యానెళ్ళన్నిటికీ మునిగిన జోన్లు బైపాస్ చేసి, హూటర్ టైమ్ తగ్గించి, పై అంతస్తు మాత్రం ఆర్మ్‌లో ఉంచాం. రౌటర్ మీదే ఆధారపడినవి మాత్రం అప్పటికే అందకుండా పోయాయి. ప్యానెల్‌కి బ్యాటరీ ఉంటుంది కానీ రౌటర్‌కి ఉండదు కదా. సిమ్ మాడ్యూల్ ఉన్నవి టవర్లు పనిచేసినంతసేపూ మాట్లాడాయి. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, ఇంటర్నెట్టూ సిమ్మూ రెండూ పెట్టించుకోమని గట్టిగా చెప్తున్నాను.

గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో వాడకం వేరు. అక్కడ దొంగల భయం కన్నా కంప్రెసర్ ఆగిపోతుందనే భయం ఎక్కువ. కంప్రెసర్ ఆగితే తెలిపే రిలేని 24 గంటల జోన్‌గా, అంటే అలారం ఆఫ్‌లో ఉన్నా పనిచేసేదిగా, కలుపుతాం. కరెంటు రెప్పపాటు పోయిన ప్రతిసారీ మెసేజ్ వెళ్తే కొన్నాళ్ళకి ఆ మెసేజ్‌ని ఎవరూ చూడరు. ఎంతసేపు ఆగి పంపాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆఫీసులో కూర్చుని రెండు మూడుసార్లు మార్చి చూస్తేగానీ కుదరలేదు. ప్రతి మార్పుకీ బండి వేసుకుని వెళ్ళాల్సి వస్తే ఆ ఓపిక ఎవరికుంటుంది?

ఇంత మెచ్చుకున్నా, ఒక విషయంలో దీన్ని అస్సలు నమ్మకండి. స్క్రీన్ మీద జోన్ నార్మల్ అని ఉంటే వైరు బాగుందని అర్థం, సెన్సర్ మనిషిని పట్టుకుంటుందని కాదు. పీఐఆర్ (మనిషి కదలికని పట్టే సెన్సర్) చూసేది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా. రోహిణి కార్తెలో షట్టర్ వేసిన షాపు లోపల రాత్రి కూడా సెగే. తేడా తగ్గితే పట్టు తగ్గుతుంది. పైగా ఎవరో కొత్త ర్యాకు తెచ్చి సెన్సర్‌కి అడ్డం పెట్టినా, దాని మీద బల్లి కాపురం పెట్టినా కంప్యూటర్‌కి కనబడదు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్న కంపెనీ “అంతా ఆఫీసు నుంచే చూసుకుంటాం” అంటే ఒప్పుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారైనా మనిషి వచ్చి ప్రతి సెన్సర్ ముందూ నడిచి చూడాలి.

ఇక భద్రత. మనం దూరం నుంచి లోపలికి వెళ్ళగలిగే దారి ఇంకొకరికీ దారే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇన్‌స్టాలర్ కోడ్ (సెట్టింగులు మార్చడానికి వాడేది), రిమోట్ పాస్‌కోడ్ రెండూ మొదటి రోజే మార్చాలి. బయటినుంచి నేరుగా ప్యానెల్‌కి రావడానికి రౌటర్లో పోర్ట్ తెరిచిపెట్టడం మేము మానేశాం. సిమ్ కనెక్షన్లకీ చాలా ఇళ్ళ ఫైబర్‌కీ ఎలాగూ సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్ళు నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు. ప్యానెలే బయటికి కనెక్ట్ అయ్యేలా పెట్టుకోవడం తేలికా, క్షేమమూ.

ఈ లైన్లో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. కస్టమర్ వేరేవాళ్ళ దగ్గరికి పోకుండా ఇన్‌స్టాలర్ కోడ్ దాచిపెట్టి ప్యానెల్‌ని లాక్ చేసేవాళ్ళు ఉన్నారు. అలాంటి చోట కొత్తగా వచ్చినవాళ్ళు మొత్తం బోర్డే మార్చాల్సి వస్తుంది, ఖర్చు షాపువాళ్ళది. డబ్బిచ్చి కొన్న ప్యానెల్ వాళ్ళదే, అందులోని ప్రోగ్రామూ వాళ్ళదే. బిల్లు కట్టేముందు ఇన్‌స్టాలర్ కోడ్ సీల్డ్ కవర్లోనూ, ప్యానెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోనూ అడిగి తీసుకోండి. మేము అడక్కుండానే ఇస్తాం.