సెలెక్ట్2తో ఏడేళ్లు: ‘ఛేంజ్’ అంటుంది, ఎవరు చేశారో చెప్పదు

సెలెక్ట్2 అంటే వెబ్ ఫామ్‌లోని డ్రాప్‌డౌన్‌కు సెర్చ్ బాక్స్ తగిలించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. దాని మీద నా కోపమంతా ఒక్క మాట మీదే. ఆ మాట ‘ఛేంజ్’. డ్రాప్‌డౌన్‌లో విలువ మారిందని అది చెబుతుంది. మార్చింది కుర్చీలో కూర్చున్న మనిషా, నేను రాసిన కోడా అన్నది మాత్రం చెప్పదు. ఈ తేడా పట్టించుకోనందుకు 2022 మామిడి సీజన్‌లో నూజివీడు నుంచి తిన్న తిట్లు నాకింకా గుర్తే.

ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, థీమ్ ఎలా మార్చాలి అన్నవి ఇక్కడ రాయను. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో ఫామ్‌లు కట్టినవాళ్లలో దీన్ని ఒక్కసారైనా పెట్టనివాళ్లు తక్కువ. నేను 2018లో పెట్టాను. విజయవాడలో ముగ్గురం కలిసి నడుపుకునే చిన్న ఆఫీసు మాది. అప్పటి నుంచి ఇవాళ్టిదాకా రోజూ దాని మొహం చూస్తూనే ఉన్నాను.

పెట్టింది సెర్చ్ బాక్స్ కోసం. మా క్లయింట్ పండ్ల వ్యాపారులకు ప్లాస్టిక్ క్రేట్లు అద్దెకిస్తాడు. వ్యాపారుల ఫామ్‌లో జిల్లా, మండలం, గ్రామం అని మూడు డ్రాప్‌డౌన్లు. జిల్లా ఎంచుకుంటే ఆ జిల్లా మండలాలు, మండలం ఎంచుకుంటే అందులోని గ్రామాలు సర్వర్ నుంచి వచ్చి పడతాయి. మామూలు సెలెక్ట్‌లో గ్రామాల జాబితా కిందికి లాగలేక డేటా ఎంట్రీ చేసే అమ్మాయి విసిగిపోయేది. సెలెక్ట్2 పెట్టి, ప్రతి ఊరి పేరునూ తెలుగులోనూ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోనూ పక్కపక్కన ఉంచాను. రెండు మూడు అక్షరాలు కొడితే ఊరు దొరికేస్తుంది. పేరు మధ్యలోని ముక్క కొట్టినా పట్టుకుంటుంది. “ఇదేదో ముందే పెట్టొచ్చుగా సార్” అంది ఆ అమ్మాయి. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఇక ఛేంజ్ సంగతి. బ్రౌజర్‌లో ఉన్న మామూలు సెలెక్ట్‌కు ఒక పద్ధతుంది. మనిషి ఎంచుకుంటే ఛేంజ్ ఈవెంట్, అంటే విలువ మారిందని మన కోడ్‌కు చెప్పే కబురు, వస్తుంది. కోడ్ విలువ మారిస్తే ఏమీ రాదు, చప్పుడు చేయకుండా మారిపోతుంది. కొత్తలో ఇది లోపమేమో అనుకునేవాణ్ని. కాదు, కావాలనే అలా పెట్టారు. మార్చిన కోడ్‌కు తను ఏం మార్చిందో తెలుసు కదా, మళ్లీ దానికి చెప్పడమెందుకు?

సెలెక్ట్2తో ఈ పద్ధతి చెదిరిపోతుంది. తెర మీద మనకు కనిపించే పెట్టె అసలు సెలెక్ట్ కాదు. అసలుది వెనక దాక్కుని ఉంటుంది, ముందున్నది దాని బొమ్మ. కోడ్‌తో వెనకదాని విలువ మారిస్తే ముందున్న బొమ్మకు ఆ కబురు అందదు, పాత పేరే చూపిస్తూ ఉంటుంది. అందుకని విలువ పెట్టాక ట్రిగ్గర్ చేసి, అంటే ఆ ఈవెంట్‌ను కోడ్‌తో మనమే పుట్టించి, ఛేంజ్ పంపమని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. నేనూ బుద్ధిగా అలాగే చేశాను. విలువ పెట్టిన ప్రతి చోటా ఆ వెంటనే ఒక ట్రిగ్గర్. కానీ ఆ ట్రిగ్గర్ బొమ్మను ఒక్కదాన్నే లేపి ఊరుకోదు. ఛేంజ్ కోసం నేను రాసుకున్న ఫంక్షన్లన్నిటినీ లేపుతుంది. జిల్లా మారితే మండలాన్నీ గ్రామాన్నీ ఖాళీ చేసే ఫంక్షన్ కూడా అందులో ఉంది.

కొత్త వ్యాపారిని ఎక్కించే ఫామ్‌లో ఇదంతా బాగానే నడిచింది. గొడవ ఎడిట్ ఫామ్‌లో. పాత రికార్డు తెరిచినప్పుడు ముందు జిల్లా విలువ పెట్టి ట్రిగ్గర్ చేస్తాను. అది మండలాలను తెమ్మని సర్వర్‌కు అడుగుతుంది. అవి వచ్చేలోపే మండలం విలువ పెట్టబోతే, లేని ఆప్షన్‌ను ఎంచుకోమన్నట్టు అవుతుంది. అందుకని మధ్యలో 500 మిల్లీసెకన్ల టైమర్ పెట్టాను. నవ్వకండి, మీ పాత కోడ్‌లోనూ ఒకటి ఉండే ఉంటుంది. మా ఆఫీసు నెట్‌కు అది సరిపోయింది. నాలుగేళ్లు ఎవరూ ఒక్క మాట అనలేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కృష్ణా జిల్లాలోని మైలవరం, నందిగామ, తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ఏ మండలం ఏ జిల్లాలోదో చెప్పే టేబుల్‌ను నేను వారంలోపే మార్చేశాను. వ్యాపారుల రికార్డుల్లో మాత్రం పాత జిల్లానే ఉంచాను. ఎడిట్ చేసినప్పుడల్లా ఆపరేటర్లే చూసి మార్చుకుంటారులే అని. ఆ ‘లే’ దగ్గరే పడ్డాను.

మే నెలలో క్లయింట్ ఫోన్ చేశాడు. నూజివీడు వ్యాపారులు కొందరికి క్రేట్ల వ్యాను వెళ్లడం లేదు. వాళ్లలో ఒకాయన చేతే నాతో మాట్లాడించాడు. “కాయ కోసి కుప్ప పోసుకుని కూర్చున్నాం బాబూ, క్రేట్లేవీ? మీ కంప్యూటర్‌లో మా కొట్టే లేదంట?” అని మొదలుపెట్టాడు. తర్వాత అన్నవి ఇక్కడ రాయలేను. మా సాఫ్ట్‌వేర్ వ్యాను రూట్లను మండలాల వారీగా తీస్తుంది. ఆయన రికార్డు తీసి చూస్తే పేరుంది, ఫోన్ నంబరుంది, జిల్లా కృష్ణా అని ఉంది. మండలం ఖాళీ. మండలం లేని కొట్టు ఏ రూటులోకీ రాదు.

నా అనుమానం వెంటనే ఆ టైమర్ మీదికి పోయింది. నెట్ నెమ్మదించి ఉంటుందనుకుని 500ను 1500 చేశాను. గుడివాడ రికార్డు ఒకటి తెరిచి చూశాను, మండలం చక్కగా కనిపించింది. సరిచేశానని చెప్పేశాను. రెండు రోజులకు మళ్లీ అదే ఫోన్.

అప్పుడు క్లయింట్ ఆఫీసుకే వెళ్లి ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ పని మొదటి ఫోన్‌కే చేయాల్సింది. ఆ అమ్మాయి నూజివీడు రికార్డు ఒకటి తెరిచింది. మండలం పెట్టెలో ‘మండలం ఎంచుకోండి’ అని వచ్చింది. తను అటు చూడనే లేదు. ఎందుకు చూస్తుంది? మార్చాల్సింది ఫోన్ నంబర్. కిందికి వెళ్లింది, నంబర్ మార్చింది, సేవ్ కొట్టింది. అయిపోయింది, నా కళ్ల ముందే ఒక కొట్టు రూటులోంచి ఎగిరిపోయింది.

జరిగింది ఇదీ. కోడ్ జిల్లాను ‘కృష్ణా’ చేసి ట్రిగ్గర్ చేసింది. ఆ ఛేంజ్ మనిషి చేసిందే అనుకుని నా ఫంక్షన్ మండలాన్నీ గ్రామాన్నీ తుడిచేసింది. కొత్త టేబుల్ ప్రకారం కృష్ణా మండలాలు వచ్చాయి, వాటిలో నూజివీడు లేదు. టైమర్ అయ్యాక కోడ్ ‘నూజివీడు’ పెట్టబోయింది. లేని విలువ పెడితే ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఏదీ ఎంచుకోనట్టు మిగిలిపోతుంది. అలా మిగిలిన సెలెక్ట్‌ను ఫామ్ అసలు పంపనే పంపదు. రాని ఫీల్డును మా సర్వర్ ఖాళీ అని రాసుకుంది. గుడివాడ కృష్ణాలోనే ఉండిపోయింది కాబట్టి నా టెస్ట్ పాసైంది. టైమర్‌ను పది సెకన్లు చేసినా ఒరిగేదేమీ లేదు. మైలవరం, తిరువూరు రికార్డుల్లోనూ ఇదే జరిగింది. అన్నీ కలిపి 40కి పైగా తేలాయి. రాత్రిపూట తీసిన బ్యాకప్‌లు ఉండబట్టి పాత మండలాలు తిరిగి ఎక్కించగలిగాను.

ఇందులో సెలెక్ట్2 తప్పెంత అని అడిగితే నిజాయితీగా పావలా వంతు. మిగతా ముప్పావలా నాది. మామూలు సెలెక్ట్ పెట్టినా లేని విలువ దగ్గర ఇంతే చప్పుడు లేకుండా ఖాళీ అయ్యేది. కానీ విలువ పెట్టిన ప్రతిసారీ ట్రిగ్గర్ కొట్టే అలవాటు మాత్రం దీనివల్లే వచ్చింది.

సర్దుకునే పనిలో డాక్యుమెంటేషన్ మళ్లీ మొదటి నుంచి చదివాను. నాలుగేళ్లు వాడాక! అప్పుడు కంటబడ్డవి రెండు. ఒకటి, ఛేంజ్ పక్కన చుక్క పెట్టి సెలెక్ట్2 అని పేరు తగిలించి ట్రిగ్గర్ చేస్తే, కబురు ముందున్న బొమ్మకు మాత్రమే వెళ్తుంది, నా ఫంక్షన్లు నిద్ర లేవవు. రెండు, ‘సెలెక్ట్2:సెలెక్ట్’ అని వేరే ఈవెంట్ ఉంది. అది మనిషి జాబితాలోంచి ఎంచుకుంటేనే వస్తుంది, కోడ్ విలువ పెట్టి ఛేంజ్ ట్రిగ్గర్ చేస్తే రాదు. నేను వెతుకుతున్నది అచ్చంగా ఇదే. తుడిచే పనినంతా దాని కిందికి మార్చాను. టైమర్ తీసేసి, మండలాలు వచ్చాకే విలువ పెట్టేలా రాశాను. పాత మండలం కొత్త జాబితాలో లేకపోతే దాన్నే ‘పాతది’ అన్న గుర్తుతో ఒక ఆప్షన్‌గా చేర్చి, పక్కన ఎర్ర అక్షరాలతో జిల్లా సరిచూడమని పెట్టాను. జిల్లాను వెంటవెంటనే రెండుసార్లు మారిస్తే మొదటి జిల్లా మండలాలు ఆలస్యంగా వచ్చి రెండోదాని మీద పడే ప్రమాదం ఉందని కూడా అప్పుడే గ్రహించాను. ఇప్పుడు వచ్చిన జవాబు ఏ జిల్లాదో చూసి, తెర మీద ఉన్న జిల్లాది కాకపోతే పారేస్తున్నాను.

‘సెలెక్ట్2:సెలెక్ట్’ ఈవెంట్‌ను నేను తెగ మెచ్చుకున్నాను, మా కుర్రాళ్లకు క్లాసు కూడా పీకాను. నెల తిరక్కుండానే ఒక మెట్టు దిగాను. పెట్టెలో చిన్న ఇంటూ గుర్తు నొక్కి జిల్లాను తీసేస్తే ‘సెలెక్ట్2:సెలెక్ట్’ రాదు, దానికి వేరే ఈవెంట్లున్నాయి. ఫలితంగా జిల్లా ఖాళీ, మండలం మాత్రం అలాగే కూర్చుని ఉంది. అది పట్టుకోవడానికి ఇంకో రెండు లైన్లు. ఇంకోసారి మా కొత్త కుర్రాడు జేక్వెరీ ఎందుకని మామూలు జావాస్క్రిప్ట్‌లో యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో ఛేంజ్ వినబోయాడు. అదెంతకీ పలకలేదు. నేను వాడే 4.0 వెర్షన్లలో సెలెక్ట్2 ఛేంజ్‌ను జేక్వెరీ ద్వారానే పంపుతుంది. అలా పంపింది జేక్వెరీతో పెట్టుకున్న చెవులకే వినిపిస్తుంది. పాపం, ఒక పూటంతా తన కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నాడు.

సెర్చ్ బాక్స్ గురించి పైన చెప్పినదానికీ ఒక సవరణ ఉంది. జేక్వెరీని 3.6.0కు మార్చిన రోజు నుంచి డ్రాప్‌డౌన్ తెరిస్తే కర్సర్ సెర్చ్ బాక్స్‌లోకి వెళ్లడం మానేసింది. మౌస్ ముట్టుకోకుండా పని చేసే ఆపరేటర్‌కు ఇది ఎంత చిరాకో చెప్పక్కర్లేదు. తెరుచుకున్నప్పుడు వచ్చే ఈవెంట్‌లో ఫోకస్ మనమే పెడితే సర్దుకుంటుంది, ఒక్క లైను. ఫోన్‌లో మాత్రం సర్దుకోలేదు. సెర్చ్ బాక్స్ నొక్కగానే కీబోర్డ్ లేచి జాబితాను సగం కప్పేస్తుంది. వ్యాను డ్రైవర్లు ఫోన్‌లో తెరిచే పేజీలో అందుకే మామూలు సెలెక్టే పెట్టాను, ఫోన్ తన పద్ధతిలో తను చూపించుకుంటుంది.

పెట్టుకోవచ్చా అంటే, మీ చేతిలో ఉన్నది ఏమిటన్నదాన్ని బట్టి. ఇదేమీ కొత్త సరుకు కాదు. స్థిరమైన వెర్షన్ 4.0.13 వచ్చింది 2020 జనవరిలో. 4.1.0 మొదటి రిలీజ్ క్యాండిడేట్ (అసలు విడుదలకు ముందు పరీక్షకిచ్చే రూపం) వచ్చింది 2021 జనవరిలో. రియాక్ట్ అనే మరో లైబ్రరీతో కొత్తగా కట్టుకునేవాళ్లకు దీనితో పనే లేదు. నేనూ కొత్త ప్రాజెక్టుకు పెట్టను. కానీ ఈ క్రేట్ల సాఫ్ట్‌వేర్‌లో 60 ఫామ్‌లున్నాయి, అన్నీ జేక్వెరీ మీదే నిలబడి ఉన్నాయి. ఊరు పేరు రెండక్షరాలతో దొరకడానికి అలవాటుపడ్డ వేళ్లున్నాయి. పోయినేడాది సీజన్ అయ్యాక ఒక ఫామ్‌లో దీన్ని తీసేసి మామూలు సెలెక్ట్ పెట్టి చూశాను. మధ్యాహ్నానికల్లా ఆ అమ్మాయి నుంచి ఫోన్: “సార్, వెతికేది పోయిందేంటి?” సాయంత్రం మళ్లీ పెట్టేశాను.