అట్లాంటిక్ వెన్ను మీది రివెట్లు: 1:18 బుగాటి నమూనాతో కొన్నేళ్ల అనుభవం

పాతకాలపు ఫ్రెంచి విలాస కార్ల డైకాస్ట్ (జింకు మిశ్రలోహాన్ని అచ్చులో పోసి చేసే) నమూనాలు నా బీరువాలో చాలానే ఉన్నా, పదే పదే చేతిలోకి తీసుకునేది అసలు కారులో పద్దెనిమిదో వంతు (1:18) ఉన్న బుగాటి టైప్ 57ఎస్‌సి అట్లాంటిక్‌నే. ముందు అద్దాల నడుమ మొదలై తోక కొస దాకా పైకప్పును రెండుగా చీలుస్తూ సాగే రివెట్ల అతుకు కోసమే దాన్ని కొన్నాను. 1935 పారిస్ కార్ల ప్రదర్శనలో పెట్టిన, అట్లాంటిక్‌కు ముందు రూపమైన ఏరోలిత్ కారు ఒళ్లంతా మెగ్నీషియం మిశ్రలోహం కావడంతో, వెల్డింగ్ వేడికి అంటుకుంటుందని రేకుల అంచులను బయటికి మడిచి రివెట్లు కొట్టారు. ఆ తర్వాత తయారైన నాలుగు అట్లాంటిక్‌లకూ అల్యూమినియమే వాడినా, కంపెనీ స్థాపకుడి కొడుకు, ఈ కారు రూపకర్త జాఁ బుగాటి ఆ అతుకును తీసేయలేదు. ఆ నిర్ణయం ఎంత గొప్పదో ఈ నమూనా మీద గోరు ఆనించి జరిపితే తెలుస్తుంది. ఒక్కో రివెట్ తల విడివిడిగా తగులుతుంది. ఇంకా చిన్నదైన 1:43 (నలభై మూడో వంతు) కొలతలో ఇరుసుల మధ్య దూరమే 7 సెంటీమీటర్లకు మించదు కనుక అక్కడ ఈ సుఖం దొరకదు.

రంగు పలుచగా పూయడం వల్లే రివెట్లు ఇంత స్పష్టంగా నిలిచాయని మొదట్లో మిత్రులందరికీ చెప్పాను. ఇప్పటికీ అదే మాట అంటాను, కానీ కాస్త తగ్గించి.

మాది విశాఖపట్నం. ఒక వానాకాలమంతా నమూనాను దాని ఫోమ్ పెట్టెలోనే ఉంచాను. తీసి చూస్తే, ప్లాస్టిక్ పొర ఒత్తుకుని ఉన్న ఎడమ ఫెండర్ (చక్రం మీది రేకు) మీద ఆవగింజంత పొక్కులు గుంపుగా లేచి ఉన్నాయి. గుండె జారిపోయింది. ఎందుకంటే రెండో ప్రపంచయుద్ధానికి ముందటి బ్రిటిష్ డింకీ బొమ్మ కార్లను తినేసిన జబ్బు ఇలాంటి జింకు మిశ్రమానిదే. పోతలో సీసం కలిస్తే లోహం ఉబ్బి, పగిలి, చివరికి పొడి అవుతుంది, దానికి మందు లేదు. భూతద్దం కింద తలుపుల సందులు, బానెట్ అంచులు అన్నీ వెతికినా ఎక్కడా పగులు కనిపించలేదు. ఫెండర్ దిగువన, పైకి కనబడని చోట ఒక పొక్కును సూదితో విప్పి చూస్తే లోపలి లోహం తెల్లపొడి లేకుండా మెరుస్తోంది. జబ్బు రంగుదే, లోహానిది కాదని అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. అమ్మినవారు మాత్రం గడువు దాటిందని చెప్పి చేతులు దులుపుకున్నారు. ఈ ధర పెట్టి కొన్న వస్తువు విషయంలో ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఆ తర్వాత గాజు బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను. పొక్కులు పెరగలేదు, పోనూ లేదు. రివెట్లను చూపించిన ఆ పలుచని పూతే చెమ్మకు లొంగిందని నా అనుమానం; నా దగ్గరున్న, ఫ్రెంచి బొమ్మల కంపెనీ సొలిదో వారి 1:43 డెలాజ్ డి8-120 కారు నమూనాకి దళసరి పూత ఉంది, ఇదే ఇంటి గాలిలో దానికి ఏమీ కాలేదు. కుడి తలుపు కూడా తెరిచినప్పుడు కొద్దిగా వాలుతోంది, అందుకే ఈ మధ్య తెరవడం మానేశాను.

ఇంత జరిగినా నేనైతే మళ్లీ దీన్నే కొంటాను, ఎందుకంటే నాకు కావలసింది ఆ అతుకే. కారు మొత్తం ఆకారం చాలనుకునేవారికి, అందులోనూ సముద్రతీరంలో ఉంటూ గాజు బీరువా లేనివారికి, ఇంత ఖర్చు పెట్టమని చెప్పలేను. పొడి గాలి ఉండే ఊళ్లలో సంగతి వేరు కావచ్చు. ఎక్కడివారు కొన్నా, పెట్టె విప్పిన రోజే ఆ ప్లాస్టిక్ పొరను తీసేయడం మంచిది.