హైవేనా, పోర్టా, శివారు కాలువా: సిక్కోలుకు ఏది మేలు?

మా సిక్కోలులో, అదే శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి దాటి పలాస వైపు వెళ్తుంటే నాలుగు లైన్ల హైవే మీద బండి నున్నగా పోతుంది. ఆ హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే మా బావ వాళ్ల పొలం. వంశధార ఎడమ కాలువ శివారు ఆయకట్టు అది, అంటే కాలువ చివర నీరు అందాల్సిన భూమి. కిందటేడు ఆగస్టులో వెళ్లినప్పుడు ఇద్దరం మదుము (కాలువ నుంచి పొలానికి నీరు వదిలే తూము) దగ్గర నిలబడి చూశాం. కాలువలో నీరు లేకపోలేదు. కానీ అడుగున్నర ఎత్తు ఉంటే గానీ మదుములోకి ఎక్కదు, ఉన్నది ముప్పావు అడుగు. పైన గుర్రపుడెక్క, అడుగున పూడిక. పక్కనే నారు ముదిరిపోతోంది. "నీరు కంటికి కనిపిస్తంది గానీ మడికి ఎక్కట్లేదు బావా" అన్నాడు.

అక్కడే ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. ప్రభుత్వం చేతిలో ఒకటే రూపాయి ఉంటే ముందు దేని మీద పెట్టాలి? రోడ్డు మీదా, మా తీరంలోని మూలపేట పోర్టు మీదా, విజయనగరం దగ్గరి భోగాపురం విమానాశ్రయం మీదా, లేక ఈ కాలువ మీదా? అన్నీ కావాలనడం తేలికే. కానీ బడ్జెట్‌లో ఏది ముందో ఏది వెనకో ఎవరో ఒకరు తేలుస్తారు. నా మట్టుకు నాకు కాలువే ముందు. కాకపోతే మిగతావాటి వాదన కూడా గట్టిదే, దాన్ని తీసిపారేయలేను.

రోడ్డు సంగతి చూద్దాం. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్ల మీద ఘనీ, గోస్వామి, కెర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, ఆ రోడ్డుకు పది కిలోమీటర్ల లోపున్న జిల్లాల్లో ఫ్యాక్టరీల ఉత్పత్తి బాగా పెరిగిందని తేలింది. మన దగ్గర ఆ రోడ్డు పక్కనే ఉన్న పైడిభీమవరం మందుల కంపెనీలను చూసినా అది తెలుస్తుంది. అయితే ఊళ్లలోకి వెళ్లే చిన్న రోడ్ల కథ వేరు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లపై ఆషర్, నోవోసాద్ 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రోడ్డు పడ్డ ఊళ్లలో పంటల్లో గానీ ఆదాయంలో గానీ పెద్ద మార్పు రాలేదు. వచ్చిన ముఖ్యమైన మార్పు ఒకటే, జనం వ్యవసాయం వదిలి బయట పనులకు వెళ్లడం.

ఇది చదివినప్పుడు నాకు శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది. పేరుకు శ్రీకాకుళం, ఉన్నది ఆమదాలవలసలో. పండగ అయిన మర్నాడు ఆ ప్లాట్‌ఫాం మీద బియ్యం మూటలు, ప్లాస్టిక్ బకెట్లలో సర్దిన వంట సామాన్లు, చంకన పిల్లలు. హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో మేస్త్రీ పనులకు వెళ్లేవాళ్లు. ఊరి రోడ్డు వాళ్లను స్టేషన్‌కి తొందరగా చేర్చింది. అది తప్పని అనను. పురిటి నొప్పులొచ్చిన మనిషి ఆటోలో ఆసుపత్రికి చేరేది కూడా ఆ రోడ్డు మీదే. కానీ బయటికి పంపడానికి ఊళ్లో పంట లేకపోతే, రోడ్డు మనుషుల్నే పంపిస్తుంది.

ఇప్పుడు కాలువ. మన జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా పారుతున్నాయి. అయినా వలస జిల్లా అన్న పేరు పోలేదు. వంశధార ఎడమ కాలువ పొడవు వంద కిలోమీటర్లకు పైనే, దాని కింద సుమారు లక్షన్నర ఎకరాలు. వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పైనున్న మండలాల్లో సరిపోతుంది. టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు వచ్చేసరికి సన్నబడిపోతుంది. నీటి కొరత కంటే ఇక్కడ పెద్ద జబ్బు పూడిక, పాడైన షట్టర్లు, చాలని లస్కర్లు (గట్టు తిరిగి కాలువ నీటిని చూసుకునే సిబ్బంది). ఒక లస్కర్ ఎన్ని కిలోమీటర్ల గట్టు తిరగగలడు?

నీరు వారం ముందు వస్తే ఏమవుతుందో మా బావ లెక్క చెప్పాడు. ఉభాలు, అంటే వరి నాట్లు, జూలైలో అయిపోతాయి. కోత డిసెంబరు మొదట్లోనే వస్తుంది. ఆ తడి మీద మినుము చల్లుకోవచ్చు. నీరు ఆలస్యమైతే మినుము పోతుంది. మినుము పోతే సంక్రాంతి తర్వాత ఇంట్లో పనిలేదు, రైలెక్కాల్సిందే. మినుము ఉంటే కూలీలకు పని ఉంటుంది, టెక్కలి మిల్లులకు సరుకు పోతుంది, ఊరి కిరాణాలో అప్పు తీరుతుంది. ఆర్థిక వృద్ధి అంటే మా ఊరికి ఇదే.

సాగునీటిలోనూ అంతా మంచే లేదు. మన దేశపు డ్యాముల మీద డఫ్లో, పాండే 2007లో ప్రచురించిన పరిశోధన చెప్పింది ఇది: దిగువ జిల్లాలకు పంట పెరిగింది, డ్యాము ఉన్న జిల్లాలో పేదరికం పెరిగింది. వంశధార నీటిని నిల్వ చేసే హిరమండలం రిజర్వాయర్ కింద ఊళ్లు వదులుకున్నవాళ్లకు ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. 19 టీఎంసీల ఆ జలాశయం కోసం వాళ్లు ఇల్లూ వాకిలీ ఇచ్చేశాక కూడా ఆ నీరు శివారుకు చేరకపోతే వాళ్ల త్యాగం వృథా అయినట్టే. అందుకే కొత్త ప్రాజెక్టు కంటే ఉన్నదాన్ని చివరిదాకా పూర్తి చేయడమే మేలంటాను. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీని 2015లో ప్రారంభించారు, పిల్లకాలువల పని మాత్రం ఆ తర్వాతా ఏళ్ల తరబడి సాగింది. దీనికి ఎదురు ఉదాహరణ జంఝావతి. ఒడిశాతో ముంపు వివాదం తెగక ప్రాజెక్టు ఆగిపోతే, 2006లో నది మీద రబ్బరు డ్యాం వేసి కొన్ని వేల ఎకరాలకైనా నీరిచ్చారు. ఉన్నంతలో పని జరిపించిన ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం.

పోర్టు దగ్గర నా మనసు కొంచెం ఊగుతుంది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మొదటి దశలో ఓడలు ఆగే బెర్తులు నాలుగు, ఖర్చు నాలుగు వేల కోట్లకు పైనే. ఒకప్పుడు కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడలు ఆగేవి. రైలు వచ్చాక, 1933లో విశాఖ రేవు తెరిచాక, సరుకంతా అటు మళ్లి ఈ రెండూ పడుకున్నాయి. అంటే పెద్ద నిర్మాణం ఒక్కోసారి కొత్త సంపద తేదు, ఉన్న సంపదను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంది. మూలపేట వల్ల ఈసారి అది మన వైపు జరిగితే సంతోషమే. కానీ వచ్చేది బొగ్గు, ఖనిజం అయితే, ఓడ నుంచి లారీకి, లారీ నుంచి ఫ్యాక్టరీకి పోయే సరుకులో పోర్టు ఉన్న సంతబొమ్మాళి మండలం కుర్రాడికి ఏం మిగులుతుంది?

అదే డబ్బులో చిన్న భాగం ఫిషింగ్ హార్బర్లకు, జెట్టీలకు, ఐస్ ప్లాంట్లకు పెడితే లెక్క మారుతుంది. 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా పెద్ద బోట్లు నిలిపే చోటు లేక మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి కూలికి బోట్లెక్కారు. 2018 నవంబరులో వాళ్లలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుంది, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. పద్నాలుగు నెలలు ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో తలుచుకుంటే, కట్టని జెట్టీ ఖరీదు ఎంతో అర్థమవుతుంది. కార్గో పోర్టు, ఫిషింగ్ హార్బరు రెండిట్లో ఒకటే కోరుకోమంటే నేను రెండో మాట ఆలోచించకుండా హార్బరు అంటాను.

భోగాపురం గురించి ఎక్కువ చెప్పను. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి శంకుస్థాపన చేసుకున్న విమానాశ్రయం అది. విజయనగరం చుట్టుపక్కల హోటళ్లకు, భూములకు, చదువుకున్న పిల్లల ఉద్యోగాలకు మేలు చేస్తుంది. కానీ దాని ఫలం పాలకొండ రైతు దాకా రావడానికి చాలా మెట్లు దిగాలి.

కిడ్నీ జబ్బులు పీడిస్తున్న ఉద్దానం ప్రాంతపు మంచినీటి పథకాన్ని మాత్రం వీటన్నిటి కంటే, కాలువ కంటే కూడా, ముందు పెడతాను. దాన్ని లాభనష్టాల్లో తూచలేం. 700 కోట్ల రూపాయలతో హిరమండలం నుంచి పైపులు వేసి 2023 డిసెంబరులో ప్రారంభించారు. కిడ్నీ జబ్బుతో సంపాదించే మనిషి మంచం పడితే ఆ ఇంటికి హైవే ఉన్నా పోర్టు ఉన్నా ఒకటే. డయాలసిస్‌కు తీసుకెళ్లే మనిషి కూడా ఆ రోజు కూలి వదులుకోవాలి.

ఈ ఏడాది జూన్ చివర్లో మా బావ వాళ్ల మదుము కింద రైతులు ఆరుగురు చందా వేసుకున్నారు. నాలుగు గంటల పనికి జేసీబీ మాట్లాడి గుర్రపుడెక్క, పూడిక తీయించారు. గట్టు మీద నల్లటి మట్టి కుప్పలు, వాటి మీద కొంగలు. నీరు పోయినేటి కంటే తొమ్మిది రోజులు ముందు మడికెక్కింది. వాళ్ల పక్కింటి కుర్రాడు ఏటా కోతలవగానే హైదరాబాద్ రైలెక్కేవాడు. ఈసారి మినుము ఇంటికొచ్చాక చూద్దాం అంటున్నాడు.