చిమ్మట ఉన్న అంబర్: బాల్టిక్‌దా, బర్మాదా?

కాలేజీలో నా టేబుల్ మీది అంబర్ ముక్క (కోట్ల ఏళ్లకి రాయిలా గట్టిపడ్డ చెట్టు జిగురు, లోపల పురుగు చిక్కుకుని ఉంది) చూసిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "చిమ్మట ఉన్నది కొనాలంటే ఏది మేలు సార్, బాల్టిక్‌దా, బర్మాదా?"

వయసులో బర్మాదే పైచేయి. ఉత్తర బర్మాలోని కాచిన్ రాష్ట్రంలో దొరికే అంబర్‌కి సుమారు 9.9 కోట్ల ఏళ్లు, ఉత్తర యూరప్‌లో బాల్టిక్ సముద్రం చుట్టూ దొరికేదానికి అందులో సగం కూడా లేదు. తేనె పీల్చే గొట్టం లేకుండా, దవడలతో పుప్పొడి నమిలే మైక్రోప్టెరిజిడే కుటుంబపు చిమ్మటలు బర్మా అంబర్‌లో దొరికాయి. ఆశ పుట్టడం సహజమే.

నా లెక్కలో మాత్రం తేల్చేవి పొలుసులు. సార్వా చేలు పొట్ట మీదున్నప్పుడు మా అమలాపురంలో రాత్రి వరండా ట్యూబ్‌లైట్ చుట్టూ కాండం తొలిచే పురుగు తాలూకు చిమ్మటలు మూగుతాయి, రైతులు తల్లి పురుగులంటారే, అవి. ఒకదాన్ని పట్టి వదిలేయండి. వేలికి లేత పసుపు పొడి అంటుతుంది. ఆ పొడే పొలుసులు. సాలెగూటికి తగిలినా వాటిని వదిలేసి జారిపోగలదు. చెట్టు జిగురుకి అంచు తగిలినా అంతే. చీమలు, ఈగలతో పోలిస్తే అంబర్‌లో చిమ్మటలు అరుదు కావడానికి ఇదీ ఒక కారణమంటారు.

కాబట్టి ఫోటోకి నిలబడ్డట్టు రెక్కలు చక్కగా విప్పుకున్న చిమ్మట కనిపిస్తే నాకు ముందు అనుమానమే. నిజంగా చిక్కుకున్నది గిలగిల కొట్టుకుంటుంది. రెక్క మడతపడి, చుట్టూ పొలుసులు రాలి ఉండాలి. కంసాలి లెన్స్ చాలు, కనిపిస్తాయి.

బాల్టిక్‌తో ఒక చిక్కుంది. చాలాసార్లు పురుగుకి ఒక పక్క పాలలాంటి తెర కమ్మేసి పొలుసులు కనపడవు. రెండో పక్క తేటగా ఉంటే తీసుకోండి. నాది అలాంటిదే, ఎడమ రెక్క అంచు కుచ్చులో పోగులు లెక్కపెట్టొచ్చు. బర్మాది కొనడానికి నాకు చేతులు రాలేదు. 2017లో ఆ గనుల ప్రాంతం సైన్యం చేతికి పోయింది, ఊళ్లు ఖాళీ అయ్యాయి.

కరీబియన్‌లోని డొమినికన్ రిపబ్లిక్‌ది తేటగా ఉంటుంది, బడ్జెట్ ఉంటే చూడండి.

కోపాల్ వద్దు, అది ఇంకా గట్టిపడని కుర్ర జిగురు. అంబర్ అనుకుని నేను మొదట కొన్నది అదే. ఉప్పునీళ్లలో తేలితే సంబరపడ్డాను. ఆ పరీక్షలో చాలా ప్లాస్టిక్‌లు మునుగుతాయి గానీ కోపాల్ తేలుతుందని అప్పటికి తెలీదు. తర్వాత మా ఆవిడ నెయిల్ పాలిష్ రిమూవర్ ఒక చుక్క అంచున వేస్తే, బెల్లం పాకంలా వేలికి అతుక్కుంది.