జెన్ కాన్ రివ్యూ: బ్యాడ్జి కొంటే సరిపోదు, టేబుల్ దొరకాలి

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రై డైస్ వేస్తూ కథ నడిపే ఆటలు) ఆడేవాళ్లు అమెరికాలో ఒక్క కన్వెన్షన్‌కే వెళ్లగలిగితే అది జెన్ కానే అవ్వాలి. ఇండియానాపొలిస్‌లో జూలై చివరో ఆగస్టు మొదట్లోనో, గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. ఈ ఆటల్లో మొదటిదైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ని (డీ అండ్ డీ) డేవ్ ఆర్నెసన్‌తో కలిసి తయారుచేసిన గ్యారీ గైగాక్స్ 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో హార్టికల్చరల్ హాల్ అద్దెకు తీసుకుని దీన్ని మొదలుపెట్టాడు. డీ అండ్ డీ అచ్చయింది 1974లో. అంటే కన్వెన్షనే ఆటకంటే ఆరేళ్లు పెద్దది. 2003 నుంచి ఇండియానాపొలిస్‌లోనే జరుగుతోంది. 2024లో వచ్చినవాళ్లు 71 వేలు దాటారు.

ఇక్కడి మంచికీ చెడుకీ మూలం ఆ 71 వేలే. మీకిష్టమైన ఆట ఎంత అరుదైనదైనా, దాన్ని ప్రాణం పెట్టి ఆడించే జీఎం (గేమ్ మాస్టర్, కథ నడిపే మనిషి) ఒకరు ఏదో ఒక మూల టేబుల్ దగ్గర ఉంటారు. కాకపోతే ఆ టేబుల్‌కి ఉండేవి ఆరు కుర్చీలు. అందుకే ముందే చెప్పాలి: ఆడ్డానికి వెళ్లేవాళ్లకి పెట్టిన ప్రతి డాలరూ గిట్టుబాటవుతుంది, టేబుళ్లు ముందుగా బుక్ చేసుకుంటేనే. ఊరికే చూసి రావాలనుకుంటే నాలుగు రోజుల బ్యాడ్జి దండగ, ఒక రోజుది చాలు.

బ్యాడ్జి లోపలికి రానిస్తుంది, అంతే. ఎగ్జిబిట్ హాల్ తిరగొచ్చు, ఆక్షన్ చూడొచ్చు, శనివారం కాస్ట్యూమ్ పరేడ్ చూడొచ్చు. ఆటల్లో కూర్చోవాలంటే దాదాపు ప్రతిదానికీ విడిగా ఈవెంట్ టికెట్ ఉండాలి. ఈవెంట్ల జాబితా కన్వెన్షన్‌కి చాలా ముందే సైట్లో పెడతారు. వేలకొద్దీ ఉంటాయి. అందులోంచి 50 దాకా విష్‌లిస్ట్‌లో వరస పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ తెరవగానే సబ్మిట్ నొక్కినవాళ్లంతా క్యూలో పడతారు. మీ వంతు వచ్చినప్పుడు సిస్టం మీ జాబితాని పైనుంచి కిందికి చూసుకుంటూ పోతుంది. ఖాళీ ఉంటే టికెట్ మీకు పెడుతుంది. లేకపోయినా, పైన దొరికినదాంతో టైం తగిలినా దాన్ని వదిలేసి కిందికి దిగుతుంది.

ఈ పద్ధతి అర్థమైతే జాబితా ఎలా పేర్చాలో తెలిసిపోతుంది. మనసుకి ఎంత నచ్చిందన్నదాని కంటే ఎన్ని కుర్చీలున్నాయన్నది చూడాలి. ఒకే ఒక్కసారి ఆడించే ఆరుగురి టేబుల్ మొదటి మూడు స్థానాల్లో ఉండాలి. పదిహేనో నంబర్లో పెడితే ఆశ వదులుకోవచ్చు. పాత్‌ఫైండర్ అనే ఆటకి పాత్‌ఫైండర్ సొసైటీ, డీ అండ్ డీకి అడ్వెంచరర్స్ లీగ్ లాంటి వ్యవస్థీకృత ఆటల కార్యక్రమాలు ఒక్కో స్లాట్‌కి పదులకొద్దీ టేబుళ్లు వేస్తాయి కాబట్టి అవి అడుగున ఉన్నా దొరుకుతాయి. ప్రతి పెద్ద ఆశకీ అదే టైంలో ఇంకో రెండు మూడు ప్రత్యామ్నాయాలు వెంటనే కింద పెట్టండి. పైది దొరికితే కిందివి టైం తగిలి వాటంతటవే పోతాయి. నలుగురు స్నేహితులు ఒకే ఆరు కుర్చీల టేబుల్ కోసం పట్టుబడితే నలుగురికీ దొరక్కపోయే ప్రమాదమే ఎక్కువ. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒక్క స్లాట్ మాత్రం అందరూ కలిసి ఆడేలా పెద్ద ఈవెంట్‌లో పెట్టుకోవడం తెలివైన పని.

ఈవెంట్ వివరాల్లో జనం చదవకుండా వదిలేసే గడులు మూడు: రూల్స్ ఎడిషన్, అనుభవం ఎంత కావాలి, లొకేషన్. పాత్‌ఫైండర్ అని ఉంటే అది 2009 నాటి మొదటి ఎడిషనా, 2019లో వచ్చిన రెండోదా చూడాలి. ఈ రెంటికీ క్యారెక్టర్ షీట్ నుంచి ఒక టర్న్‌లో ఎన్ని పనులు చెయ్యొచ్చన్నదాకా పోలికే లేదు. డీ అండ్ డీలో 2014 పుస్తకమా, 2024లో సవరించినదా అన్నది కూడా ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నే. అనుభవం దగ్గర 'అవసరం లేదు' అని ఉంటే జీఎం రూల్స్ నేర్పిస్తూ ఆడిస్తాడు. కొత్తవాళ్లకి అది వరం. బాగా తెలిసినవాళ్లు అక్కడ కూర్చుంటే మొదటి ముప్పావుగంట నెమ్మదిగా నడుస్తుంది.

లొకేషన్ గడి ఇంకా ముఖ్యం. కన్వెన్షన్ సెంటర్, ల్యూకాస్ ఆయిల్ స్టేడియం, చుట్టుపక్కల హోటళ్ల బాల్‌రూములు, అన్నిట్లోనూ ఆటలు జరుగుతాయి. స్టేడియానికి భూగర్భ దారి, చాలా హోటళ్లకి స్కైవాక్ ఉన్నాయి కాబట్టి ఎండలోకి రాకుండానే తిరగొచ్చు. అయినా ఒక చివరి హోటల్ నుంచి స్టేడియానికి, జనంలోంచి, పావుగంట పైనే పడుతుంది. పన్నెండింటికి అయిపోయే ఆట వెంటనే పన్నెండింటికే మొదలయ్యే ఇంకోటి వేరే బిల్డింగులో బుక్ చేసుకుంటే రెండోదానికి ఆలస్యం ఖాయం. మధ్యలో కనీసం గంట ఉంచండి. తిండికి కూడా అదే టైం.

ఇక టేబుల్ దగ్గర సంగతి. పెద్ద హాళ్లలో వందకి పైగా టేబుళ్లు పక్కపక్కనే ఉంటాయి. మీ జీఎం గుసగుసగా చెప్పాల్సిన దెయ్యం మాటలు అరిచి చెప్పాల్సి వస్తుంది. పక్క టేబుల్ వాళ్లు నాచురల్ 20 (ఇరవై ముఖాల డై, అంటే డీ20 మీద 20) పడగానే లేచి కేకలు వేస్తారు. జీఎంకి ఎదురుగా ఆ చివర కాకుండా పక్కన రెండో కుర్చీలో కూర్చుంటే సగం సమస్య తీరుతుంది. భయం, కుట్ర, సంభాషణ ఎక్కువగా ఉన్న ఆటలైతే హోటల్ గదుల్లో పెట్టినవి వెతకండి. కొట్లాటలు ఎక్కువున్నవాటికి పెద్ద హాల్ సందడే బాగుంటుంది.

నాలుగు గంటల స్లాట్ అంటే నిజంగా ఆడేది మూడున్నర. పరిచయాలకీ షీట్లకీ పావుగంట పోతుంది. ఆరుగురున్న టేబుల్లో ఎనిమిదో లెవల్ క్యారెక్టర్ల ఫైట్ ఒక్కోటీ గంట తింటుంది. చివరి ఫైట్ మూడో గంట దాటాక మొదలైతే అది పూర్తవదు, జీఎం మిగతా కథని నోటితో చెప్పి ముగించేస్తాడు. సాధారణంగా టైం పోయేది ఎక్కడంటే, తన వంతు వచ్చాక స్పెల్ (మంత్రం) వెతుక్కునే ఆటగాడి దగ్గర. మీ ముందువాళ్ల వంతు నడుస్తుండగానే మీ పని తేల్చుకుని, అటాక్ డై, డ్యామేజ్ డైస్ కలిపి ఒకేసారి వెయ్యండి. ఈ ఒక్క అలవాటు వల్ల టేబుల్ మొత్తానికి అరగంట మిగులుతుంది.

డైస్ గురించి కూడా ఒక మాట. పాలరాయి చారల మీద బంగారు అంకెలున్న సెట్లు షాపులో మెరిసిపోతాయి. బాల్‌రూమ్ పసుపు వెలుతురులో 13కీ 18కీ తేడా కనపడదు, ప్రతిసారీ డై చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. ఒకే ముదురు రంగు, దాని మీద తెల్ల అంకెలున్న ఏడు డైస్ సెట్ ఒకటి, స్పేర్ ఇంకోటి, మడతపెట్టే ట్రే ఒకటి తీసుకెళ్లండి. ట్రే లేకపోతే డీ20 పక్క టేబుల్ కాళ్ల కిందికి పోతుంది. మ్యాప్ గడి అంగుళం, అది ఆటలో 5 అడుగులు. మినియేచర్ (మీ క్యారెక్టర్ బొమ్మ) అడుగు భాగం కూడా అంగుళం దాటకూడదు.

పాత్‌ఫైండర్ సొసైటీ ఆడేవాళ్లకి ఈ నాలుగు రోజులు పండగే. ఒక్కో సినారియోకి (ఒక కూర్చోటంలో ఆడే కథకి) 4 ఎక్స్‌పీ, అంటే అనుభవం పాయింట్లు, 12 అయితే ఒక లెవల్. ఆరు సినారియోలు ఆడితే మొదటి లెవల్ క్యారెక్టర్ మూడో లెవల్‌కి చేరుతుంది. ఆర్గనైజ్డ్ ప్లే నంబర్ (మీ సభ్యత్వం నంబర్) ముందే సైట్లో తీసుకుని కాగితం మీద రాసుకోండి, హాల్లో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. సినారియోలు 1-4, 3-6, 5-8 ఇలా లెవల్ శ్రేణుల్లో ఉంటాయి. ఉన్న ఒక్క క్యారెక్టర్ శనివారానికి ఆ శ్రేణి దాటితే టికెట్ ఉండి కూడా ముందే తయారుచేసిన క్యారెక్టర్‌తో ఆడాల్సి వస్తుంది. వేరువేరు లెవల్స్‌లో రెండు క్యారెక్టర్లు ఉంచుకోండి. అడ్వెంచరర్స్ లీగ్‌లో ఇదే సంగతి టియర్ల రూపంలో ఉంటుంది: 1-4, 5-10, 11-16, 17-20. హాలు హాలంతా ఒకే కథ ఆడే మల్టీ టేబుల్ స్పెషల్ ఒక్కటైనా తప్పకుండా తీసుకోండి. ఒక టేబుల్ గెలుపు అందరి లెక్కలోకీ వెళ్తుంది, వేదిక మీంచి ప్రకటన రాగానే హాలంతా ఒక్క గొంతై అరుస్తుంది. ఆ అనుభవం ఇంట్లో ఐదుగురితో ఆడే ఆటలో రాదు.

ట్రూ డంజియన్‌కి విడిగా చెప్పాలి. దీని టికెట్ మామూలు టేబుల్ టికెట్‌కి ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా తొందరగా అయిపోతుంది. పదిమంది వరకూ ఒక పార్టీగా నిజం గదుల్లోంచి నడుస్తారు. టికెట్‌తో పది టోకెన్ల సంచీ ఇస్తారు, అవే మీ ఆయుధాలు, కవచాలు, మందులు. లోపలికి పోయే ముందు కోచింగ్ రూంలో ఎవరు ఏ క్లాస్ (పాత్ర రకం) అన్నది తేల్చుకుని టోకెన్లు పంచుకోవాలి. పార్టీ బలం అక్కడే తేలుతుంది. ఎక్కువ టోకెన్లున్న పాతవాళ్లు అడిగితే సంతోషంగా అప్పిస్తారు, మొహమాటపడకండి. చివర తిరిగివ్వడం మర్చిపోకూడదు.

ఫైట్‌లో డైస్ ఉండవు. ఆయుధం టోకెన్ పెట్టిన పక్‌ని (గుండ్రటి బిళ్లని) నున్నటి బల్ల మీద జార్చాలి. ఆగినచోటి అంకెకి మీ బోనస్ కలిపి రాక్షసుడి ఏసీని (రక్షణ అంకెని) అందుకున్నా దాటినా దెబ్బ తగిలినట్టు. కొత్తవాళ్లంతా గట్టిగా తోస్తారు, పక్ బల్ల దాటి పోతుంది. మణికట్టు కదపకుండా, చెయ్యి మొత్తం ముందుకి చాపుతూ మెల్లగా వదలాలి. ప్రాక్టీసు బల్ల ఖాళీగా ఉంటే వదలకండి. మంత్రగాడు విజార్డ్‌ని తీసుకుంటే చార్టులోని గుర్తులు బట్టీపట్టాలి, పూజారి క్లెరిక్ అయితే పూసలు, ప్రకృతి మంత్రగాడు డ్రూయిడ్ అయితే ఆకులు. అడిగినప్పుడు సరిగ్గా చెప్తే స్పెల్ బలం పెరుగుతుంది. దొంగ పాత్ర రోగ్ అయితే లోహపు అంచులకి తగలకుండా సన్నని దారిలో పుల్ల నడపాలి. చెయ్యి వణికేవాళ్లు రోగ్ తీసుకోవద్దు. పజిల్ గదుల్లో పార్టీలు ఓడిపోయేది తెలివి చాలక కాదు, పదిమందీ ఒకేసారి మాట్లాడటం వల్ల. రాసి ఉన్నది గట్టిగా చదివేవాళ్లు ఒకరు, వస్తువులు కదిపేవాళ్లు ఇద్దరు, మిగతావాళ్లు రెండడుగులు వెనక్కి. గడియారం నిమిషాల్లో పరిగెడుతుంది, టైం అయిపోతే దెబ్బ తిని తర్వాతి గదికి పోవాల్సిందే.

ఏ టికెట్టూ దొరకనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. ఏ ఒక్క ఆటకీ ముడిపెట్టని జెనరిక్ టికెట్లు కొని పెట్టుకుని, మొదలయ్యే టైంకి పది నిమిషాల ముందు టేబుల్ దగ్గర నిలబడండి. టికెట్ ఉన్నవాళ్లు రాకపోతే ఆ కుర్చీ మీది. పొద్దున ఎనిమిది గంటల స్లాట్లలో, అందులోనూ శనివారం, ఇది బాగా పనిచేస్తుంది. ముందురోజు అర్ధరాత్రి దాకా ఆడినవాళ్లు లేవరు. ఇద్దరు కలిసి నిలబడితే అవకాశం తగ్గుతుంది, ఒక్కరే వెళ్లండి. ఇండీ ఆటలు (చిన్న, స్వతంత్ర రచయితలు తయారుచేసినవి) ఇష్టపడేవాళ్లకి గేమ్స్ ఆన్ డిమాండ్ మంచి చోటు. రెండు గంటల, నాలుగు గంటల ఆటల మెనూ పెడతారు, అప్పటికప్పుడు ఎంచుకోవచ్చు.

ఎగ్జిబిట్ హాల్ పది గంటలకి తెరుస్తారు. గురువారం మొదటి గంట తొక్కిసలాటలా ఉంటుంది. కొత్తగా విడుదలైన పుస్తకం కచ్చితంగా కావాలనుకుంటే తప్ప ఆ టైంకి వెళ్లొద్దు. ధర చీటీ మీద 60 డాలర్లుంటే 7 శాతం ట్యాక్స్‌తో 64.20 అవుతుంది. హార్డ్‌కవర్లు కొనడం చివరికి వాయిదా వెయ్యండి, నాలుగు పుస్తకాలు భుజాన వేసుకుని నాలుగు గంటల ఆటకి కూర్చోవడం నరకం.

హోటల్‌ది లాటరీ పద్ధతి. గడువులోపు బ్యాడ్జి కొన్న ప్రతి ఒక్కరికీ హోటల్ సైట్ తెరిచే టైం ఒకటి యాదృచ్ఛికంగా వస్తుంది. పొద్దున టైం వచ్చినవాళ్లకి స్కైవాక్ ఉన్న హోటళ్లు, మధ్యాహ్నం టైం వచ్చినవాళ్లకి ఊరి చివరివి. గుంపుగా వెళ్తుంటే అందరూ గడువులోపే బ్యాడ్జీలు కొనాలి, అందరిలో ముందు టైం వచ్చినవాళ్లే గది పట్టాలి. దూరం గది వచ్చినా వెంటనే తీసుకుని, తర్వాత వారాల్లో రోజూ సైట్ చూస్తూ ఉండండి, క్యాన్సిల్ చేసిన గదులు తిరిగొస్తాయి. కారులో వెళ్లేవాళ్లు పార్కింగ్ కూడా ముందే బుక్ చేసుకోవాలి, గురువారం పొద్దున వెతికితే దొరకదు.

ఆదివారం ఎగ్జిబిట్ హాల్ నాలుగింటికి మూసేస్తారు. ఆ రోజు ఒక్క ఆట మాత్రం, అదీ పొద్దున స్లాట్‌లో పెట్టుకుని, పన్నెండు తర్వాత పుస్తకాలు కొనుక్కోవడం అన్నిటికంటే సుఖం. హోటల్ గది పదకొండుకే ఖాళీ చెయ్యాల్సి వస్తే సామాను పొద్దున్నే లాబీ క్లోక్‌రూంలో ఇచ్చి ఆటకి వెళ్లండి. సాయంత్రం ఫ్లైట్ ఉంటే నాలుగింటికి హాల్ మూసేదాకా ఆగకుండా రెండున్నరకే బయల్దేరాలి, నాలుగింటికి అందరూ ఒకేసారి టాక్సీల కోసం రోడ్డెక్కుతారు.