కరోనా రోజుల్లో ఏడు రాత్రుల క్రూయిజ్: సింగపూర్ నుంచి సింగపూర్ దాకా

మా పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా ఏడాది కిందటే బుక్ చేసుకున్న ట్రిప్ ఇది. సింగపూర్‌లో ఓడ ఎక్కాలి, థాయ్‌లాండ్‌లో లేమ్ చబాంగ్, వియత్నాంలో ఫూ మీ రేవులు చూడాలి, మళ్లీ సింగపూర్‌లోనే దిగాలి. 2020 ఫిబ్రవరి 9న ఎక్కాం, 16న దిగాం. అంటే జపాన్‌లోని యొకొహామాలో, కరోనా సోకిన డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూయిజ్ ఓడని ఆపేసి, అందులో జనాన్ని గదుల్లోంచి బయటికి రానివ్వని రోజులన్నమాట. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ఏడాది మార్చికో ఏప్రిల్‌కో టికెట్లు పెట్టుకుని, వెళ్లాలా మానాలా తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం అప్పట్లో రాసింది ఇది.

ఓడ ఎక్కడానికి మేం సింగపూర్ చేరేసరికి అక్కడ కరోనా హెచ్చరిక స్థాయిని ఆరెంజ్‌కి పెంచి ఒక్క రోజైంది. సూపర్‌మార్కెట్లో బియ్యం, నూడుల్స్ అరలు బోసిగా ఉన్నాయి. హోటల్ గదిలో కూర్చుని మా ఆయనతో "ఏమండీ, మానేద్దామా?" అన్నాను. అప్పుడు మానేస్తే కట్టిన డబ్బులో ఒక్క రూపాయి వెనక్కి రాదు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం కానీ, భయంతో మానుకున్న ప్రయాణానికి మా పాలసీ డబ్బివ్వదు. ఆ కాగితాలు కొన్న రోజే చదివి ఉండాల్సింది, మీరైనా చదవండి.

చెక్-ఇన్ దగ్గర నుదుటి మీద థర్మామీటర్ పెట్టి చూశారు, గత 14 రోజుల్లో చైనా వెళ్లారా అని ఫారం నింపించుకున్నారు, పాస్‌పోర్ట్ ఒక్కో పేజీ తిప్పి చూశారు. మా ముందు ఒక పెద్ద జంటని చైనా స్టాంపు చూసి పక్కకి పిలిచారు. వాళ్ల పెట్టెకి కట్టిన ఓడ ట్యాగ్‌ని ఆ పెద్దాయనే చిన్న కత్తెర అడిగి తీసుకుని కత్తిరించాడు. వాళ్లావిడ ఏమీ మాట్లాడకుండా చూస్తూ నిలబడింది. అలాంటివాళ్లని ఎక్కించుకోకూడదన్న నియమం సరైనదే, నేను కాదనను, కానీ ఆ దృశ్యం మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ తర్వాత మా చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. వియత్నాం రద్దు, బదులుగా లేమ్ చబాంగ్‌లో ఎక్కువ సేపు ఆగుతాం అని. నాకు కోపం వచ్చింది రద్దు చేసినందుకు కాదు, ఉత్తరం మీదున్న తేదీ ఫిబ్రవరి 6 కావడం వల్ల. మూడు రోజుల ముందే తెలుసు వీళ్లకి! ఈలోగా డ్రింక్స్ ప్యాకేజీ కొనుక్కోమని మెయిల్ మీద మెయిల్ పంపారు గానీ ఈ ముక్క చెప్పలేదు. మనిషికి 25 డాలర్లు పెట్టి తీసుకున్న వియత్నాం ఈ-వీసాలు పోయాయి, బయట మాట్లాడుకున్న కారు అడ్వాన్సూ పోయింది. ఓడవాళ్ల దగ్గర టూర్ బుక్ చేసుకున్నవాళ్లకి పూర్తిగా తిరిగి వచ్చింది. పోర్టు చార్జీలు మాకు వెనక్కిచ్చారు, అదీ ఓడలోనే ఖర్చు పెట్టుకునే క్రెడిట్‌గా. రేవులు మార్చే హక్కు తమకుందని కాంట్రాక్టులో రాసుకున్నారు, నిజమే. తెలిసిన విషయం తెలిసిన రోజే చెప్పొద్దని మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఓడలో పనిచేసేవాళ్ల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. బఫేలో గరిటెలన్నీ తీసేసి గ్లవ్స్ వేసుకుని వాళ్లే వడ్డించారు. బల్లల మీద ఉప్పు సీసాలు కూడా లేవు, అడిగితే చిన్న పొట్లం ఇచ్చేవాళ్లు. లిఫ్ట్ బటన్లు తుడుస్తూ ఒక అబ్బాయి పొద్దస్తమానం అక్కడే ఉండేవాడు. భోజనం బాగుంది, షోలు పరవాలేదు.

అన్నిటికంటే నాకు ధైర్యమిచ్చింది మధ్యాహ్నం పన్నెండింటికి కెప్టెన్ చేసే అనౌన్స్‌మెంట్. మామూలుగా గాలి, అలలు, వేగం చెప్తారట. ఈయన అవి రెండు ముక్కల్లో ముగించి, నిన్నటి నుంచి ఏం మారింది, ఓడలో ఎవరికైనా జ్వరం ఉందా, ముందున్న రేవు ఏమంటోంది, అన్నీ దాచకుండా చెప్పేవాడు. 10న యొకొహామాలో ఆగిన డైమండ్ ప్రిన్సెస్‌లో కేసులు 135కి చేరాయని కూడా ఆయనే చెప్పాడు. చేతిలో ఫోర్కులు అలాగే పట్టుకుని అందరూ వినేవాళ్లు.

మాది కిటికీ లేని లోపలి గది. చవకని తీసుకున్నాం. ఆ 135 విన్న రాత్రి లైటు ఆర్పాక ఎంత చీకటో అప్పుడు తెలిసింది. ఇందులోనే పద్నాలుగు రోజులు ఉండమంటే? మా ఆయన లేచి తన బీపీ మాత్రలు లెక్కపెట్టుకున్నారు. పదకొండు ఉన్నాయి. యొకొహామాలో చాలామందికి మందులు అయిపోయి ఇబ్బంది పడుతున్నారని అప్పటికే వార్తల్లో వస్తోంది. కాబట్టి ఇలాంటి రోజుల్లో వెళ్లేవాళ్లు వేరే ఏది తగ్గించుకున్నా సరే, బాల్కనీ గది తీసుకోండి, మందులు మూడు వారాలకి సరిపడా పెట్టుకోండి. సింగపూర్‌కే తిరిగొస్తారు గనక వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో కూడా చూసుకోండి.

11న మేం లేమ్ చబాంగ్ చేరాం. సరిగ్గా అదే రోజు వెస్టర్‌డామ్ అనే ఇంకో క్రూయిజ్ ఓడని రానివ్వబోమని థాయ్‌లాండ్ చెప్పింది. అప్పటికే ఫిలిప్పీన్స్, తైవాన్, జపాన్, గ్వామ్ కాదన్న ఓడ అది. మమ్మల్ని దిగనిచ్చారు, వాళ్లని నీళ్లమీదే ఉంచేశారు. దిగుతుంటే సంతోషంగా అనిపించలేదు.

బ్యాంకాక్ అక్కడి నుంచి రెండు గంటల దారి, అంత దూరం వద్దనుకుని దగ్గర్లోని పట్టాయాకి వెళ్లాం. శాంక్చువరీ ఆఫ్ ట్రూత్ అని సముద్రం ఒడ్డున మొత్తం చెక్కతో కడుతున్న మందిరం. 1981లో మొదలుపెట్టారు, ఇంకా చెక్కుతూనే ఉన్నారు, అందుకే లోపలికెళ్లేవాళ్లకి హెల్మెట్ ఇస్తారు. వినాయకుడు, బ్రహ్మ, బుద్ధుడు అందరూ ఉన్నారు. జనవరి 27 నుంచి చైనా తన గ్రూప్ టూర్లు ఆపేయడంతో జనమే లేరు. ఉలి దెబ్బల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఒకామె కూర్చుని రేకు మీద రేకుగా తామరపువ్వు చెక్కుతుంటే మా ఆయన చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. ట్రిప్ మొత్తంలో ఆ గంట చాలు నాకు.

13న వెస్టర్‌డామ్‌ని కంబోడియా తమ సిహనూక్‌విల్ రేవులోకి రానిచ్చిందని కెప్టెన్ చెప్పగానే డైనింగ్ హాలంతా చప్పట్లు. మా గది చూసే ఇండోనేషియా అబ్బాయి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల అన్నయ్య వేరే ఓడలో పనిచేస్తాడట, ఏ రేవులో ఉన్నాడో నాలుగు రోజులుగా తెలియదట.

ఓడకి ఐదుకి ఐదు, టికెట్లమ్మిన ఆఫీసుకి రెండు. 6వ తేదీ ఉత్తరం ఫొటో జతచేసి వాళ్లకి రాశాను, జవాబు రాలేదు. ఆ అబ్బాయి మాత్రం నిన్న మెసేజ్ పెట్టాడు, అన్నయ్య ఫోన్ చేశాడట.